రంజాన్ రాత్రి చార్మినార్ బజారు: మ్యాచింగ్ తప్ప అన్నీ కొనుక్కోండి

నాకు ఉప్పల్‌లో చిన్న టైలరింగ్ షాపు ఉంది. బ్లౌజులు, లెహంగాలు కుడతాను, మగ్గం వర్క్ చేయించి ఇస్తాను. లేసులు, లట్కన్లు (బ్లౌజు తాళ్ల చివర వేలాడే కుచ్చులు), లైనింగ్ గుడ్డ, రాళ్లు, పూసలు అన్నీ పాతబస్తీ నుంచే తెచ్చుకుంటాను. మామూలు రోజుల్లో పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. రంజాన్ నెలలో మాత్రం రాత్రి పూట వెళ్తాను. అందుకే షాపుకొచ్చే ఆడవాళ్లు అడుగుతూనే ఉంటారు, "అక్కా, నైట్ బజార్లో రేట్లు తక్కువట కదా, పెళ్లి సామాను అక్కడే తీసుకోవచ్చా?" అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఇక్కడ రాసేస్తున్నా.

రేట్లు తక్కువేం ఉండవు. పండగ సరుకు మీద ఇంకో పది రూపాయలు ఎక్కువే ఉంటాయి. తక్కువకి దొరికేవి రోడ్డు మీద కుప్పలు పోసి అమ్మే చెప్పులు, పిల్లల బట్టలు, క్లిప్పులు లాంటివి. మైకులో రికార్డు చేసి పెట్టిన గొంతు "సౌ కే దో, సౌ కే దో" (వందకి రెండు) అని తెల్లవార్లూ అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు విని ఆగి కొనేవాళ్లని తప్పు పట్టను, నేనూ కొంటా. కానీ అవి పెళ్లి సామాను కాదు కదా.

దారి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. చార్మినార్ దగ్గర నిలబడితే పడమటి వైపు పోయేది లాడ్ బజార్, గాజుల వీధి, మెహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా పోతుంది. ఉత్తరం వైపు గుల్జార్ హౌజ్, అది దాటితే పత్తర్‌గట్టి, ఆ చివర మదీనా చౌరస్తా. ముత్యాలు, బట్టల షాపులు ఎక్కువగా ఈ వరసలోనే ఉంటాయి. దక్షిణం వైపు మక్కా మసీదు దాటి పోతే శాలిబండ. హోల్‌సేల్ గుడ్డకి పటేల్ మార్కెట్, రికాబ్‌గంజ్ ఉన్నాయి, లోపల సందుల్లో. రంజాన్ నెలలో షాపులు రాత్రంతా తెరుచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తుంది కాబట్టి షట్టర్లు దించరు. షాపుల ముందు బండ్లు, బండ్ల ముందు కింద పరిచిన దుప్పట్లు, మిగిలిన జాగాలో మనం.

బండి మీద పోవద్దు. మదీనా దగ్గరికి వచ్చేసరికి పోలీసులు ఎటు మళ్లిస్తారో తెలియదు, పార్కింగ్ కోసం తిరిగే టైంలో ఒక షాపింగ్ అయిపోతుంది. నేను ఉప్పల్ స్టేషన్లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్ మారి ఎంజీబీఎస్‌లో దిగుతాను. అక్కడ్నుంచి ఆటో, లేదంటే సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా నడక. ఓపిక ఉంటే నడవండి, ఆటో కంటే ముందే చేరతారు.

ఇక టైం. ఇఫ్తార్ ముందు వెళ్తే ఎవరికీ మన మీద ధ్యాస ఉండదు, ఉండాలని అడగడం కూడా బాగుండదు. పొద్దుట్నుంచి నీళ్లు కూడా తాగకుండా నిలబడ్డవాళ్లు. ఇఫ్తార్ అయిపోయాక, తరావీ నమాజు, అంటే రంజాన్ నెల రాత్రుల్లో చేసే ప్రత్యేక నమాజు జరిగే సమయంలో బజారు కాస్త పలచబడుతుంది. మన పని జరిగేది ఆ గంటన్నర, రెండు గంటల్లోనే. నమాజు ముగిసి జనం ఇళ్ల నుంచి పిల్లాపాపలతో దిగడం మొదలయ్యాక, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా లాడ్ బజార్లో మన కాళ్లతో మనం నడవం, వెనకవాళ్లే నడిపిస్తారు.

మొన్న రంజాన్‌కి మా యారాలితో, అంటే మా బావగారి భార్యతో వెళ్లాను. వాళ్ల అమ్మాయి పెళ్లి ఉంది. లెహంగా నేనే కుడుతున్నా, లావెండర్ రంగు. దానికి దుపట్టా, లేసు, గాజులు కావాలి. లేసు, గాజులు తీసుకుందాం, దుపట్టా మాత్రం పగలు వచ్చి తీసుకుందాం అని బయల్దేరేటప్పుడే చెప్పాను. "ఇంత దూరం వచ్చి మళ్లీ రావడమేంది, నువ్వు ఉన్నవు కదా చూడనీకె" అంది. కుట్టేవాళ్లని పక్కన పెట్టుకుంటే రంగు ఎప్పుడైనా కుదురుతుందని చాలామంది నమ్మకం. టైలర్ కళ్లయినా చూసేది లైటు వెలుగులోనే కదా!

ఆ బజార్లో ఒక్కో షాపుకి ఒక్కో వెలుగు. పైన తెల్ల ఎల్‌ఈడీలు, షోకేసులో పసుపు బల్బులు, గుమ్మానికి ఆకుపచ్చ సీరియల్ లైట్లు. సరుకు మెరవాలని పెట్టుకుంటారు, అది వాళ్ల వ్యాపారం. మన గుడ్డ ముక్క, వాళ్ల గుడ్డ పక్కపక్కన పెడితే ఆ బల్బు కింద రెండూ ఒకటే అనిపిస్తాయి. తెల్లారి ఎండలో చూస్తే ఒకటి నీలం వైపు పోతుంది, ఒకటి గులాబీ వైపు పోతుంది. రెండు మిల్లుల్లో వేర్వేరు అద్దకాలు వాడతారు, ఒక వెలుగులో కలిసినవి ఇంకో వెలుగులో కలవాలని లేదు. ఫోన్ టార్చ్ వేసి చూసుకుంటాం అంటారు కొందరు. అది ఇంకో రకం తెలుపు, అంతే. సూర్యుడికి బదులు కాదు.

లావెండర్, పీచ్, పిస్తా, క్రీమ్, రామా గ్రీన్, ఈ ఐదూ రాత్రి పూట అస్సలు ముట్టుకోవద్దు. క్రీమ్ మరీ మోసం, పసుపు బల్బు కింద పాలలా కనిపించిన గుడ్డ ఇంటికొచ్చేసరికి పాత కాగితంలా ఉంటుంది. నలుపు తీసుకోవచ్చు. ఎర్రటి ఎరుపు కూడా ఫరవాలేదు, మెరూన్ అయితే మళ్లీ అనుమానమే.

మా యారాలు వినలేదు. ఒక పెద్ద షాపులో దుపట్టా తీసింది, అంచుకి ముత్యాల పని, చూడ్డానికి నిజంగానే బాగుంది. మర్నాడు మా షాపు మెట్ల మీద ఎండలో లెహంగా పక్కన పరిస్తే బూడిద కలిసిన గులాబీలా తేలింది. బిల్లు వెనక్కి తిప్పితే "కొన్న సరుకు వాపసు తీసుకోబడదు" అని మూడు భాషల్లో అచ్చేసి ఉంది. ఫోన్ చేస్తే పండగ అయ్యాక రమ్మన్నారు, పండగ అయ్యాక వెళ్తే వీలు కాదన్నారు. ఆ దుపట్టా ఇప్పుడు మా యారాలి మనవరాలికి రెండు గౌన్లయింది, ముత్యాలు మాత్రం ఊడదీసి నేను దాచుకున్నా.

లేసుల సంగతి వేరు. గోటా, కిరణ్ లేసు, జరీ పట్టీ నేను రాత్రి పూట నిశ్చింతగా తీసుకుంటాను, ఎందుకంటే వాటిని సగం వేళ్లతోనే చూడాలి. మడిచి వదిలితే మడత అలాగే నిలిచిపోయే లేసు రెండు ఉతుకుల్లో నలిగిపోతుంది. వదలగానే తిరిగి విచ్చుకోవాలి. వెనక వైపు గోరుతో గీస్తే పోగు లేవకూడదు. లట్కన్ అయితే దారం పట్టుకుని గట్టిగా లాగండి, షాపువాడు మొహం మాడ్చుకున్నా సరే. ఊడేది అక్కడే ఊడిపోనివ్వండి, పెళ్లిలో ఊడకుండా.

ఇప్పుడు గాజులు. అసలు ఈ బజారుకి రావాల్సింది వీటి కోసమే. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అప్పట్నుంచి ప్రతి షాపువాడూ ఆ మాట చెప్తాడు, తన దగ్గరున్న ప్రతి గాజుకీ అది వచ్చినట్టే చెప్తాడు. అసలైనది ఎలా తయారవుతుందో ఒకసారి చూస్తే ఏది కాదో మనకే తెలుస్తుంది. లక్క అంటే చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురు, ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. దాన్ని కరిగించి ముద్ద చేసి, నిప్పుల సెగ చూపిస్తూ సన్నటి కడ్డీలా సాగదీస్తారు. ముక్క కోసి గుండ్రంగా చుట్టి సైజు సరిచేసి, మళ్లీ సెగ తగిలించి, మెత్తగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటే అదుముతారు. రాయిని పట్టుకునేది ఆ లక్కే. ఒక సందు లోపల చిన్న కొలిమి పెట్టుకుని కూర్చున్న అమ్మాయిలు ఉంటారు, వాళ్ల చేతులు చూస్తూ నిలబడితే టైం తెలియదు. వేడి ముద్దని వట్టి వేళ్లతో తిప్పుతారు. నాకు ఇస్త్రీ పెట్టె అంచు తగిలితేనే ప్రాణం పోతుంది.

నకిలీవి రేకు రింగు మీద గమ్‌తో రాళ్లు అంటించినవి. వాటిని పట్టుకోవడానికి లైటు అక్కర్లేదు. వేలి కొన రాళ్ల మీద నుంచి జరపండి. లక్కలో అదిమిన రాయి లోపలికి కూర్చుని ఉంటుంది, అంచు తగలదు. అంటించింది గుచ్చుకుంటుంది, రాళ్ల మధ్య ఎండిన గమ్ పొరలా తగులుతుంది. గాజు లోపలి వైపు కూడా తడమండి, చేత్తో చేసినదానికి అతుకు తెలుస్తుంది. కళ్లతో చూస్తే మాత్రం ఆ వెలుగులో రెండూ ఒకేలా తళతళలాడతాయి, నకిలీవే ఇంకా ఎక్కువ మెరుస్తాయి.

సైజు విషయంలో కొత్త పెళ్లికూతుళ్లు బాగా ఇబ్బంది పడతారు. 2.4 అంటే రెండు అంగుళాల పైన పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళం. 2.8 అంటే రెండున్నర. లక్క గాజు మెటల్ గాజులా సాగదు, నొక్కితే పగులుతుంది. కాబట్టి పెళ్లికూతురు చేతికి పట్టే పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్లండి. ఫోన్లో ఫొటో చూపించి సైజు అడిగేవాళ్లని కూడా చూశాను, ఏం చెప్తాం. కొన్నాక కారు డాష్‌బోర్డు మీద, ఎండలో పెట్టొద్దు, మెత్తబడి రాళ్లు కదులుతాయి. వేడి నీళ్లు కూడా తగలనివ్వకండి.

మా యారాలి కూతురికి మ్యాచింగ్ జోలికి పోకుండా తెల్ల రాళ్లు, బంగారు రంగు లక్క ఉన్న సెట్టు తీసుకున్నాం. చెప్పింది 1,800. షాపులో కూర్చున్నది తెల్ల గడ్డం పెద్దాయన. "చాచా, నేను టైలర్‌ని, ఏడాది పొడుగునా వస్తా, పండగ కస్టమర్‌ని కాదు" అన్నాను. ఆయన నవ్వి, "టైలర్ అయితే ఇంకా వంద ఎక్కువియ్యాలమ్మా. నా గాజులు చూపిచ్చి నువ్వు బ్లౌజు రేటు పెంచుతవు" అన్నాడు. నిజం చెప్తే ఏమంటాం. 1,250కి ఇచ్చాడు, ఒక రాయి వదులుగా ఉందంటే మనవడిని కొలిమి దగ్గరికి పంపి అప్పటికప్పుడు సరిచేయించాడు. ఇది జరిగింది తొమ్మిదిన్నరకి. అదే షాపు ముందు నుంచి పన్నెండు గంటలప్పుడు వస్తే లోపల నిలబడే జాగా లేదు, అదే చాచా రేటు చెప్పి మొహం తిప్పేసుకుంటున్నాడు. అందుకే టైం గురించి అంత చెప్పాను.

అత్తరు కూడా ఇక్కడే కొనండి. ముక్కుకి పగలేంటి, రాత్రేంటి. గాజు పుల్లతో మణికట్టు మీద ఒక చుక్క రాస్తారు, వెంటనే కొనకుండా గంట తిరిగి రండి. మంచి అత్తరు గంట తర్వాతే అసలు వాసన చెప్తుంది. చవకది అప్పటికే ఉండదు, లేదా కిరోసిన్‌లా మిగులుతుంది. పాతకాలం పద్ధతిలో గంధపు నూనెలో పట్టేవాళ్లు, ఇప్పుడు చవక రకాల్లో పారఫిన్ నూనె వాడతారు, ఆ తేడానే ఇది. నేను మిట్టీ అత్తరు తీసుకుంటాను, కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఆవిరి పట్టి చేస్తారు. తొలకరి పడ్డప్పుడు మా ఊరి పొలం గట్టు మీద వచ్చే వాసన. 3 మిల్లీలీటర్ల బుడ్డి చాలు, నెలలు వస్తుంది. ఒకేసారి నాలుగైదు రకాలు రాయించుకోవద్దు, మూడోదాని తర్వాత అన్నీ ఒకేలా ఉంటాయి.

తిండి గురించి రాయకపోతే ఊరుకోరు. హలీం ఆలస్యంగా తినొద్దు. పొద్దున భట్టీ ఎక్కించిన దేగ్‌లో, అంటే పెద్ద వంటపాత్రలో, గోధుమ రవ్వ, పప్పు, మటన్, నెయ్యి గంటల తరబడి ఉడికి, కర్ర ఘోట్నీలతో దంచి దంచి సాయంత్రానికి తయారవుతుంది. ఇఫ్తార్ తర్వాత ఒకటి రెండు గంటల్లో తింటే చెంచాకి పోగులు సాగుతూ వస్తుంది. పదకొండింటికి అడుగున మిగిలినది గట్టిపడి, పైన నెయ్యి పోసి ఇస్తారు. హైదరాబాదీ హలీంకి 2010లోనే జీఐ వచ్చింది, కానీ దేగ్ అడుగుకి కూడా వచ్చిందని ఎవరూ అనలేరు. నేను మదీనా దగ్గర షాదాబ్‌లో తింటాను, వేయించిన ఉల్లిపాయ ధారాళంగా వేస్తారు. ప్లేటు మూడొందల దగ్గర ఉంటుంది, ఇద్దరు పంచుకోవచ్చు. అరబ్బుల హరీస్ దీనికి ముత్తాత. అది తినాలంటే చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ పోవాలి, ఉప్పదీ తియ్యదీ రెండు రకాలూ దొరుకుతాయి. అది ఇంకో రాత్రి పని.

మేం వెళ్లింది సోమవారం, మా యారాలు ఆ రోజు నీచు ముట్టదు. ఆమె గురించి భయపడ్డాను గానీ నాకంటే ఆమే ఎక్కువ తిన్నది. మట్టి మూకుట్లో ఫిర్నీ, ఖుబానీ కా మీఠా, బండి మీద కోసిచ్చే పండ్లు, మిర్చి బజ్జీ. చార్మినార్ పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్, పొయ్యి మీద నుంచి అప్పుడే దింపినట్టున్న ఉస్మానియా బిస్కెట్లు. కూర్చోవడానికి ఉండదు, నిలబడి తాగాలి. ఎదురుగా 1591లో కట్టిన మీనారులు దీపాలతో వెలుగుతుంటే ఆమె చాయ్ చల్లారబెట్టుకుంది. రెండోది నేనే కొనిచ్చాను.

ఇంటికి ఖర్జూరాలు తీసుకోండి, రకాలు ఇంకెప్పుడూ ఇన్ని ఉండవు. మెత్తటి కిమియా డబ్బాలో వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులుస్తుంది. షీర్ ఖుర్మాకి సన్న సేమ్యా కూడా ఇక్కడ బాగుంటుంది.

ఇక ఇబ్బందులు. ఆడవాళ్లకి టాయిలెట్ దొరకడం చాలా కష్టం. అంత జనం వచ్చే చోట, తెల్లవార్లూ నడిచే బజార్లో, ఇంతకంటే పెద్ద ఫిర్యాదు నాకు లేదు. మాకు తెలిసిన లేసుల షాపాయన మేడ మీద వాళ్ల ఇంట్లోకి పంపించాడు కాబట్టి బతికాం. తెలిసినవాళ్లు లేనివాళ్లు హోటల్లో కూర్చుని తినేటప్పుడే ఆ పని చూసుకోండి. మైకుల మోతకి రెండు గంటల్లో తల పట్టేస్తుంది. బ్యాగు ముందుకి వేసుకోండి, ఫోన్ వెనక జేబులో పెట్టే మగవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. నడవలేని పెద్దవాళ్లని, చంకన పిల్లలున్నవాళ్లని పదకొండు దాటాక తీసుకుపోవద్దు. మా అత్తమ్మ వస్తానంటే నేనే వద్దన్నాను, రెండు రోజులు మాట్లాడలేదు.

అన్నీ కలిపి చూస్తే గాజులకి, అత్తరుకి ఐదుకి ఐదు. తిండికి నాలుగున్నర, అదీ టైంకి వెళ్తే. బట్టలకి రెండు. సౌకర్యాలకి ఒకటి కూడా ఎక్కువే.

తిరిగి రావడం ముందే ఆలోచించుకోండి. చివరి మెట్రో కోసం పరిగెత్తితే బజారు అసలు మొదలవకముందే రావాలి. ఉండిపోతే మదీనా దగ్గర కాకుండా, వంతెన దాటి అఫ్జల్‌గంజ్ దాకా నడిచాక క్యాబ్ బుక్ చేయండి, లోపల బుక్ చేస్తే ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేస్తారు. మాకు ఒక ఆటో అబ్బాయి ఉప్పల్‌కి ఆరొందలు అడిగి నాలుగొందల యాభైకి ఒప్పుకున్నాడు. దారిలో ఆపి సహరీకి, అంటే ఉపవాసం మొదలయ్యేలోపు తెల్లవారుజామున తినే తిండికి, ఇంటికి పాలు కొనుక్కున్నాడు, మేం ఏమీ అనలేదు.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి రాబోయే కొన్నేళ్లు చలికాలం రాత్రులే, నడవడానికి హాయి. మొదటి పది రోజుల్లో వెళ్లండి, శని ఆదివారాలు వదిలేయండి. ఆఖరి పది రోజుల్లో సగం హైదరాబాద్ అక్కడే ఉంటుంది. చాంద్ రాత్‌కి మాత్రం సామాను కోసం వెళ్లకండి. నెలవంక కనబడ్డాక పండగ చేసుకునేవాళ్లు ఆఖరి గాజులు, ఆఖరి మెహందీ కోసం ఉరుకుతుంటారు, వాళ్ల మధ్యలో మనం నిలబడి లేసు మడిచి చూస్తుంటే ఎవరికైనా చిరాకే. మా యారాలు వచ్చే ఏడు ఆ రాత్రే పోదామంటోంది, కొనడానికి ఏం లేదట, ఊరికే చూసొద్దామట. లెహంగా కుట్టడం అయ్యాక చెప్తానన్నాను.